కార్జం పొట్లం

మా రోజుల్లో కుక్కకు పని నేర్పడానికి అంగడికి పోయి పొట్లం కొనే అవసరమే లేదు. కళ్యాణదుర్గం, రాయదుర్గం పక్క మందల వెంట తిరిగే కుక్కకు దొరికింది రాగి సంగటి, దాంట్లో ఇంత మజ్జిగ. పండక్కి పొట్టేలు కోస్తే నాలుగు ఎముకలు. ఆ తిండితోనే రాత్రంతా దొడ్డి చుట్టూ తిరిగి తోడేలు అలికిడి పసిగట్టేది. పిల్లగా ఉన్నప్పుడే దాన్ని గొర్రెపిల్లల మధ్య పడుకోబెట్టేవాళ్లం. పెద్ద కుక్క వెనకాల పరుగెత్తి పరుగెత్తి తనే నేర్చుకునేది.

ఇప్పుడు మా మనవడు బెంగళూరు నుంచి లాబ్రడార్‌ను తెచ్చాడు. దాన్ని కూర్చోమనే ముందే వాడి చెయ్యి జేబులోకి పోతుంది. జేబులో ఉండేది ఫ్రీజ్ డ్రై చేసిన కార్జం. గోరంత ముక్క, బెండులా తేలిక, రెండు వేళ్ల మధ్య నలిపితే పొడి. మూత తీస్తే వాసన గదంతా కమ్ముకుంటుంది.

"ముక్క చూపిస్తే తప్ప కూర్చోదేందిరా?"

"ట్రైనింగంటే అంతే తాతా!"

అంతే కాదు. ముక్క చూపించి పని చేయించడం వేరు, పని చేసినాక ముక్క పెట్టడం వేరు. మొదటిది నాలుగు రోజులకే మానాలి. రెండోది కూడా ముందు ప్రతిసారీ, తర్వాత అప్పుడప్పుడు. లేకపోతే కుక్క మన మాట వినదు, మన జేబు మాట వింటుంది.

ఆ ముక్కలో మంచి లేదని అనను. మా కాలంలో కర్రతో నేర్పినవాళ్లూ ఉన్నారు. అట్లాంటి కుక్క మనిషి చెయ్యి లేపితే చాలు, తోక ముడుచుకుని ముళ్లకంప కిందికి దూరేది. దాని కంటే కార్జం ముక్క నూరు రెట్లు నయం. వాసనకు కుక్క ధ్యాస చెదరదు, ముక్క చిన్నది కాబట్టి కడుపు నిండదు, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు.

ఫ్రీజ్ డ్రై అంటే పెద్ద విద్యేం కాదు. కార్జాన్ని గడ్డకట్టించి, గాలి తీసేసిన యంత్రంలో పెడితే మంచు నీళ్లు కాకుండానే ఆవిరైపోతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రక్తపు ప్లాస్మాను ఇట్లే ఎండబెట్టి సైన్యానికి పంపారు. పచ్చి కార్జంలో సుమారు 70 శాతం నీళ్లే. అంటే కిలో ఎండు ముక్కలకు మూడు కిలోల పైనే పచ్చిది కావాలి. ధర ఎందుకంతో అర్థమవుతుంది. అయినా పిడికెడు ముక్కలకు వందల రూపాయలా? గొర్రెల సంత జరిగే అనంతపురంలోనా? ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని సీమ మాది. ఎండకు మాత్రం ఏనాడూ కరువు లేదు. ఒట్టితునకలు దండేనికి ఎండేసుకుని నెలల తరబడి తిన్న జనానికి కార్జం ఎండబెట్టడం ఒకరు నేర్పాలా?

ఇంకో సంగతి. చలికి ఎండబెడితే సాల్మొనెల్లా లాంటి క్రిములు చావవు, నిద్రపోతాయంతే. ఆ ముక్కలు పట్టుకున్న చేత్తోనే పిల్లలు అన్నం తింటున్నారు, సబ్బుతో కడగమని చెప్పేవాళ్లు లేరు. కార్జంలో విటమిన్ ఎ ఎక్కువ, రాగి ఎక్కువ. లాబ్రడార్లలో కొన్నిటికి రాగి కాలేయంలోనే పేరుకుని జబ్బు చేస్తుంది. చిరుతిండి ఏదైనా రోజు తిండిలో పదో వంతు దాటకూడదని పశువుల డాక్టర్లు చెప్తారు. అందులోనూ కార్జం రోజూ వద్దు.

పల్లెల్లో గొర్రెను కోసిన చోటే పచ్చి కార్జాన్ని కుక్కకు విసిరే అలవాటు ఇంకా పోలేదు. అది మాత్రం మానాల్సిందే. గొర్రె కార్జంలో ఒక్కోసారి నీళ్లు నిండిన తిత్తులు ఉంటాయి. వాటిని తిన్న కుక్క కడుపులో బద్దెపురుగులు పెరిగి, గుడ్లు దాని పెంటలోంచి మేత మీదికి, మన చేతుల మీదికి వస్తాయి. తర్వాత మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో అవే తిత్తులు పెరుగుతాయి.

అందుకే మనవడికి చెప్పాను. ఆదివారం మటన్ అంగట్లో నూరు గ్రాముల కార్జం అడుగు, తిత్తులుంటే తీసుకోవద్దు. ఉప్పు, కారం వెయ్యకుండా బాగా ఉడికించి, గోరంత ముక్కలు కోసి, పలచటి గుడ్డ కప్పి మిద్దె మీద ఎండలో పెట్టు. లోపల తడి లేకుండా గట్టిపడితేనే డబ్బాలో పొయ్యి. వారానికి సరిపడా చాలు. బూజు కనపడితే మొత్తం పారెయ్.