నీలం వైరు: తలుపుల కంప్యూటరు ఆత్మకథ

నేను పుట్టింది 2014లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో. ఒక కుర్రాడు నల్లటి ఇనుప డబ్బాలో మదర్‌బోర్డు బిగించి, నాలుగో తరం ఐ3 ప్రాసెసర్ కూర్చోబెట్టి, 4 జీబీ ర్యామ్ తగిలించి, స్క్రూడ్రైవరు మొనతో రెండు పిన్నులు కలిపాడు. ఫ్యాను తిరిగింది. అదే నా తొలి శ్వాస. నా మీద ఏ కంపెనీ పేరూ లేదు. జనం నన్ను సీపీయూ అంటారు. నిజానికి సీపీయూ అంటే నా కడుపులో ఉన్న అగ్గిపెట్టెంత ముక్క.

ఆ రోజు మేం నలుగురం పుట్టాం. నలుగురినీ ఒకే ఆటోలో వేసి, ఆపైన బస్సులో కదిరికి తెచ్చారు. అక్కడొక నెట్ సెంటర్లో వరసగా కూర్చోబెట్టి, ఒక చిన్న స్విచ్ పెట్టె నుంచి ఒక్కొక్కరికీ ఒక నీలం వైరు తగిలించారు. పగలంతా హాల్ టికెట్లు, పరీక్షా ఫలితాలు, దరఖాస్తులు. సాయంత్రం కాలేజీ వదిలాక మాత్రం ఆ గది పిల్లలది. 2003లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవాళ్లు. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. మా నలుగురి మధ్య ఉన్న వైరు చాలు. "రేయ్, నీ ఎనకాల ఉండాడు సూడు!" అని ఒకడు అరిస్తే పక్క కుర్చీలోవాడు ఉలిక్కిపడేవాడు. చచ్చినవాడు లేచి వచ్చి, బతికున్నవాడి భుజం మీద చెయ్యేసి నిలబడి చూసేవాడు. ఆట అంటే అదేనని నేను అక్కడే నేర్చుకున్నాను.

2016 సెప్టెంబరు తర్వాత చౌక డేటా వచ్చింది. అందరి చేతుల్లోకీ ఇంటర్నెట్ వచ్చేసింది. మా కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఏడాది తిరక్కుండానే సెంటర్ మూతబడింది. మేం నలుగురం నాలుగు ఊళ్ల పాలయ్యాం. నన్ను తలుపుల అనే ఊరి నుంచి వచ్చిన ఇంటర్ పిల్లవాడు కొన్నాడు. సాయంత్రాల్లో నా ముందు కూర్చున్నవాళ్లలో వాడూ ఒకడు. అప్పటి నుంచి వాడు నావాడు.

తలుపులలో నా చోటు వసారా పక్క గది. ఒక మూల చెనిక్కాయ మూటలు, ఇంకో మూల నేను, నా ముందు ఒకే ఒక ప్లాస్టిక్ కుర్చీ. మూటలు విప్పినప్పుడల్లా ఎర్ర దుమ్ము లేచి నా ఫ్యాను రెక్కలకు అంటుకునేది. చేలల్లో మోటార్లు ఒక్కసారిగా ఆడితే వోల్టేజీ పడిపోయి యూపీఎస్ కుయ్యోమనేది. అయినా నన్ను బాగా చూసుకున్నాడు. ఊళ్లోవాళ్లకు పంట బీమా ఫారాలు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపి పెట్టిన డబ్బుతో నాకు ర్యామ్ 8 జీబీ చేశాడు, ఎస్‌ఎస్‌డీ వేశాడు. పాత జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు కొనితెచ్చాడు. 75 వాట్లతో సరిపెట్టుకునే కార్డు కాబట్టి నా పాత పవర్ సప్లై దాన్ని మోయగలిగింది.

లోటల్లా ఒకటే. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవాడు. వాడు మీట నొక్కిన మాట దూరాన ఉన్న సర్వరుకు పోయి, జవాబు తిరిగొచ్చేసరికి సెకనులో పదో వంతు గడిచిపోయేది. నేను సెకనుకు 60 బొమ్మలు గీస్తాను. పదో వంతు అంటే ఆరు బొమ్మల ఆలస్యం. వాడు గోడ చాటుకు వెళ్లాననుకునేలోపే అవతలివాడి లెక్కలో చనిపోయి ఉండేవాడు. అంతకన్నా పెద్ద లోటు, ఆ అవతలివాడెవరో తెలియకపోవడం. తెర మీద ఒక పేరు, అంతే. గెలిచినా భుజం తట్టే చెయ్యి లేదు. ఓడితే లైటు ఆర్పి పడుకునేవాడు.

2023 నవంబరులో డ్రీమ్‌హాక్ అనే ఆటల పండుగ హైదరాబాదుకు వస్తోందని వాడు చదివాడు. 1990ల మొదట్లో స్వీడన్‌లోని మాలుంగ్ అనే చిన్న ఊళ్లో, ఒక బడి కింది నేలమాళిగలో కొందరు స్నేహితులు తమ కంప్యూటర్లు మోసుకొచ్చి కలిపారు. 1994లో అదే బడి భోజనశాలకు మారినప్పుడు దానికి డ్రీమ్‌హాక్ అని పేరు పెట్టారు. ఆ పండుగ సంప్రదాయం ఒక్కటే, ఎవరి కంప్యూటరు వాళ్లే తెచ్చుకోవడం. అంటే పిలుపు మావాడితోపాటు నాకూ వచ్చినట్టే.

ఇంట్లో గొడవైంది. చెనిక్కాయ పీకే కాలం. పైగా ఫోన్లో పందేలాడి అప్పులపాలైనవాళ్ల కథలు వాళ్లమ్మ వినివుంది. "ఆ పెట్టె ఎత్తుకోని యాడికి పోతావురా? డబ్బులు పెట్టి ఆడేదా అది?" అని నిలదీసింది. "కాదుమా. పందేలు వేరే, ఇది వేరే. పోయిన నెలలో చైనాలో ఏషియన్ గేమ్స్ జరిగినాయి గదా, ఆడ దీనికి మెడల్ కూడా ఇచ్చినారు" అన్నాడు. హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో ఈ-స్పోర్ట్స్‌కు తొలిసారి అధికారికంగా పతకాలు ఇచ్చిన మాట నిజమే. అమ్మ మెత్తబడలేదు. మంచం మీద కూర్చున్న అవ్వ అడిగింది. "జనం శానామంది వస్తారా?" "వేలమంది అవ్వా." "అయితే తిరణాలే గదా. పోనీలేమ్మా, కదిరి తేరుకు మనం పోలేదా?" ఆ మాటతో తీర్పు వచ్చినట్టయింది. రెండు రోజులు చేలో వంచిన నడుము ఎత్తకుండా పని చేసి, మూడో రాత్రి బయలుదేరాడు.

నన్ను పాత దుప్పటిలో చుట్టాడు. తలుపుల నుంచి కదిరి, అక్కడ హైదరాబాదు బస్సు. సామాన్ల డిక్కీలో వెయ్యనివ్వలేదు. రాత్రంతా ఒళ్లోనే పెట్టుకున్నాడు. ప్రతి కుదుపుకూ రెండు చేతులూ నా చుట్టూ బిగిసేవి.

డ్రీమ్‌హాక్ జరిగే హైటెక్స్ హాల్లోకి అడుగుపెట్టినప్పుడు నాకు ముందు వినిపించింది ఫ్యాన్ల హోరు. వరసలు వరసలుగా బల్లలు, ప్రతి బల్ల మీదా నా జాతివాళ్లు. గాజు పలకల వెనక రంగు దీపాలతో మెరిసేవాళ్లు కొందరు, నాలాగా గీతలు పడ్డ ఇనుప డబ్బాలు కొందరు. అటుపక్క ఆటల్లోని వీరుల వేషాలు కట్టినవాళ్లు తిరుగుతున్నారు. అట్టముక్కలతో చేసిన కవచాలు, నురగ షీటుతో చేసిన కత్తులు. మా అవ్వ చూసి ఉంటే పగటివేషగాళ్లు వచ్చారనేది. ఆ వేషం వెనక ఎన్ని రాత్రుల కష్టం ఉందో కుట్ల దగ్గర కనిపిస్తోంది.

మావాడు నన్ను బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర వెలగలేదు. మళ్లీ నొక్కాడు. నల్లగానే ఉంది. నా గొంతులోంచి దీర్ఘంగా బీప్ మాత్రం వస్తోంది. దారి కుదుపులకు ర్యామ్ కదిలింది, దాని పళ్ల మీద ఊరి దుమ్ము ఉంది. చెప్పడానికి నాకున్న భాష ఆ ఒక్క బీపే. మావాడి చేతులు వణికాయి. ఇంత దూరం తెచ్చి ఇట్లయిందే అని వాడి కళ్లు తడిశాయి.

పక్క సీటు కుర్రాడు హెడ్‌ఫోన్ తీసి వంగి విన్నాడు. వరంగల్ నుంచి వచ్చాడట. "ర్యామ్ కదిలినట్టుంది అన్నా. జర తియ్యి, రబ్బరుంటే గీద్దాం." రబ్బరు ఎవరి దగ్గరా లేదు. ఆ మాట వరస పొడవునా పాకింది. అయిదో బల్ల దగ్గర ఒక స్కూలు పిల్ల తన సంచి జిప్పు తీసి, పెన్సిల్ డబ్బాలోంచి తెల్ల రబ్బరు తీసి ఇచ్చింది. వరంగల్ కుర్రాడు ర్యామ్ బంగారు పళ్లను మెల్లగా రుద్ది, ఊది, టక్కుమనేదాకా నొక్కాడు. తెర వెలిగింది. చుట్టూ ఉన్న ఏడెనిమిది మంది చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒక్కరికీ మావాడి పేరు తెలియదు.

అప్పుడు వాడు బల్ల కింద నుంచి ఒక వైరు అందుకుని నా వెనక తగిలించాడు. నీలం వైరు. ఆరేళ్ల తర్వాత నా పక్కనున్నవాళ్ల మాట మళ్లీ నాకు వినిపించింది. ఆలస్యం సెకనులో వెయ్యో వంతు. అయిదుగురు కలిసి పాత 1.6 మొదలుపెట్టారు. మావాడు ఓడిపోయాడు, పదే పదే. అయినా ఆ రోజు నవ్వినంతగా వాడు నవ్వడం నేను చూడలేదు. ఓడిన ప్రతిసారీ ఎక్కడ తప్పాడో పక్కవాడు వేలితో తెర మీద చూపించేవాడు.

పక్కనే ఉన్న హెచ్ఐసీసీలో ఆ రోజుల్లోనే ఆటలు తయారు చేసేవాళ్ల సమావేశం, ఐజీడీసీ జరిగింది. ఆ సంగతి వరంగల్ కుర్రాడు చెప్పాడు. హైదరాబాదు వాళ్లే అయిన ఓగ్రె హెడ్ స్టూడియో 2017లో 'అసుర' అనే ఆటను విడుదల చేసిందని కూడా అతనే చెప్పాడు. ఆటలు ఎక్కడో సముద్రాల అవతల పుడతాయనుకున్న మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ఊరికి తిరిగొచ్చాక నాలో గేమ్ ఇంజిన్ వేసుకున్నాడు. ఇప్పుడు చెనిక్కాయ చేను కాపలా కాసే ఒక చిన్న ఆట రాస్తున్నాడు. అందులో అడవి పందులు వస్తాయి, అవ్వ టార్చిలైటు వేస్తుంది.

2025లో దేశంలో చట్టం వచ్చింది. డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. మావాడు ఆ వార్త చదివి వినిపించినప్పుడు అమ్మ, "నువ్వు ఆ పొద్దు చెప్పింది ఇదేనా?" అంది. ఆ రెంటికీ తేడా చట్టానికి ముందే మా హాల్లో ప్రతి బల్ల దగ్గరా కనిపించింది. పందెంలో పక్కవాడు ఓడితేనే నీకు లాభం. ఆటలో పక్కవాడి యంత్రం ఆగిపోతే నీ ఆట కూడా ఆగిపోతుంది.

నాకు పన్నెండేళ్లు నిండవస్తున్నాయి. మా జాతిలో ఇది ముసలితనం. నా తర్వాత మంచి యంత్రాలు వస్తాయి. వాటికంటే ముందు మా గదిలోకి ఒకటి వచ్చింది. హైదరాబాదు నుంచి వచ్చిన వారంలోనే మావాడు నా ముందు రెండో కుర్చీ వేశాడు. ఎదురింటి పిల్లవాడు తన పాత కంప్యూటరు తెచ్చి నా పక్కన పెట్టాడు. మధ్యలో నీలం వైరు.

మీ ఇంట్లో ఒక పిల్లవాడు తలుపు వేసుకుని ఒంటరిగా ఆడుకుంటూ ఉంటే, కసిరే ముందు గదిలోకి వెళ్లి అక్కడ ఎన్ని కుర్చీలున్నాయో చూడండి. ఒకటే ఉంటే, ఇంకొకటి వేయండి.