తోడుకు కాస్త వైఫై

రౌటర్ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న చిన్న దీపం ఎర్రగా వెలిగితే తీగలోంచి కాంతి రావడం లేదని అర్థం. వాడుకలో దాన్ని లాస్ లైటు అంటారు. ఆ లాసు ఎవరిదో నెల బిల్లు చూస్తే తెలుస్తుంది.

ఇంట్లో కనిపించే పసుపు తీగలో ఉన్నది రాగి కాదు, వెంట్రుకంత సన్నటి గాజుపోగు. గట్టిగా మడిచినా, సోఫా కాలు కింద నలిగినా అందులోని కాంతి దారి తప్పుతుంది. వీధిలో దాని అన్నదమ్ములు కరెంటు స్తంభాలకు కాకరపాదుల్లా వేలాడుతుంటాయి. కొమ్మలు కొట్టడానికి వచ్చినవాళ్లు కొమ్మకీ తీగకీ తేడా చూడరు. ఫోన్ చేస్తే అటునుంచి వచ్చే మొదటి సలహా, రౌటర్ ఆపి మళ్లీ వేయమని. తెగిన గాజుపోగు స్విచ్ నొక్కితే అతుక్కోదు. అయినా నాలుగు రోజులపాటు రోజుకు మూడుసార్లు, భోజనం తర్వాత, ఈ వైద్యం జరుగుతుంది. ఐదో రోజు వచ్చిన కుర్రాడు ‘మా సైడ్ అంతా ఓకే సార్’ అని తేల్చి, రేటింగ్ ఐదు చుక్కలు ఇవ్వమంటాడు. ఇవ్వడానికి నెట్ ఉండదు.

ఎర్రదీపం వెలగకుండానే నెట్ నత్తనడక నడిస్తే మాత్రం ఆపి వేయడంలో కొంత న్యాయముంది. రౌటర్ కూడా చిన్న కంప్యూటరే, రోజుల తరబడి నడిస్తే తడబడుతుంది. తిరిగి లేచినప్పుడు కొన్ని రౌటర్లు రద్దీ తక్కువున్న ఛానెల్ వెతుక్కుంటాయి. వెతుక్కున్నా దొరికేది తక్కువే. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదాన్నొకటి రాసుకోకుండా నడిచే ఛానెళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంటులోని నలభై రౌటర్లూ వీధి కుళాయి దగ్గర బిందెల్లా ఆ మూడింటి మీదే పడతాయి. మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే కాబట్టి, రాత్రి ఎవరో సాంబారు వేడిచేసుకుంటే ఇంకెవరి ఆఫీసు మీటింగో గడ్డకట్టిపోవచ్చు. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువ, గోడంటే భయమూ ఎక్కువే. ఇన్ని తెలిసినా రౌటర్‌ను ఇనుప బీరువా పైన, సూట్‌కేసుల వెనక, దుమ్ము పడకుండా గుడ్డ కప్పి ఉంచడం తెలుగు గృహధర్మం.

ఈ ఏర్పాటు వల్ల పడగ్గదిలోకి సొంత వైఫై రాదు. గోడ అవతలివాళ్లది నిండు గీతలతో వస్తుంది. దాన్ని వాడుకోవడం తప్పా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

అరువుల విషయంలో ఇరుగుపొరుగులకు ఎప్పటినుంచో ఒక అలిఖిత శాస్త్రముంది. పంచదార, కాఫీపొడి అప్పు కిందికి వస్తాయి. తలకొట్టి తెచ్చుకున్న గ్లాసును గోపురం కట్టి తిరిగివ్వాలి. కరివేపాకు అప్పు కాదు, హక్కు. చెట్టున్నవాళ్లు ఊళ్లోవాళ్ల తరఫున దాన్ని పెంచుతున్నట్టు లెక్క. ఉప్పు చేతికివ్వరు, కింద పెడితే తీసుకోవాలి, లేకపోతే పోట్లాట. వీటన్నిటిలో ఘనమైనది పెరుగు తోడు. చెంచాడు మజ్జిగ గోరువెచ్చని పాలలో పడితే తెల్లారేసరికి గిన్నెడు పెరుగు. ఇచ్చినవాళ్లకు తరిగేదేమీ లేదు, తీసుకున్నవాళ్లు తిరిగిచ్చేదీ లేదు. దీపాలు పెట్టాక మాత్రం అడగకూడదు, ఎందుకంటే ఆ వేళ గడప దాటేది మజ్జిగ కాదు, లక్ష్మి. ఇలా చేతులు మారి మారి ఒక్కోసారి వీధి వీధంతా ఒకే పెరుగు వంశంలోకి వచ్చేస్తుంది. అప్పుడు ఒక ఇంట్లో పులుపెక్కితే తర్వాత అన్ని ఇళ్లలోనూ పులుపెక్కుతుంది. అత్తగార్లందరూ కోడళ్లనే అంటారు, తోడిచ్చిన ఇంటిని ఎవరూ అనరు.

వైఫై ఈ పట్టికలో ఇమడదు. చూడ్డానికి తోడులాగే ఉంటుంది, వాడితే తరిగినట్టు కనిపించదు. పక్కింటి పిల్లాడు ఐపీఎల్ పెట్టగానే అది కాఫీపొడి అయిపోతుంది. అంతకంటే చిక్కేమిటంటే, తోడుకు వచ్చినవాళ్లు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడాలి, మొహం చూపించాలి. వైఫైకి గిన్నె అక్కర్లేదు. డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డుకు కనీసం 8 అక్షరాలుండాలి. చాలా ఇళ్లలో అవి 1 నుంచి 8 దాకా వరుసగా ఉంటాయి. పోనీ అని వదిలేయడానికీ లేదు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ల ముందు ఉగ్రవాదులు పంపిన ఈమెయిల్ నవీ ముంబైలో తాళం లేని వైఫై నుంచి వెళ్లింది, పోలీసులు ముందు ఆ కనెక్షనున్న ఇంటికే వెళ్లారు. కాబట్టి ఇచ్చేవాళ్లు పరాయివాళ్లకు ఇవ్వకూడదు, తీసుకునేవాళ్లు అడగకుండా తీసుకోకూడదు. అడిగి తీసుకున్నా, పరీక్షల నెల కోసమని తీసుకున్న పాస్‌వర్డు డిగ్రీ పూర్తయ్యేదాకా ఫోనులో ఉండిపోతే దాన్ని ఏమనాలో శాస్త్రం ఇంకా తేల్చలేదు.

పిల్లలు అమెరికాలో ఉండి, ఇక్కడ ఇద్దరే మిగిలిన ఫ్లాట్లు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉంటాయి. వాళ్లకు నెట్ కావలసింది ఆదివారం పొద్దున్న ఒక్క గంట. మిగతా వారమంతా దాన్ని పక్క ఫ్లాటు కుర్రాడు వాడుకుంటాడు. లాస్ లైటు వెలిగితే వాళ్లకంటే ముందు అతనికే తెలుస్తుంది. తలుపు కొట్టి, లోపలికొచ్చి, తీగ సరిచేసి, ‘ఉండు బాబూ, డికాక్షన్ దిగుతోంది’ అంటే కూర్చుని కాఫీ తాగి వెళ్తాడు. నెట్ బాగున్న వారాల్లో ఆ తలుపు ఎవరూ కొట్టరు. రెండు మూడు వారాలు అలా గడిచేసరికి పసుపు తీగ మళ్లీ సోఫా కాలు కింద కనిపిస్తుంది. ఎలా వెళ్లిందని కుర్రాడు ఒక్కసారి కూడా అడగలేదు.