దోందె ఎస్తా... ఆ తర్వాత?

పర్యాటకుల స్పానిష్ 'దోందె ఎస్తా' దగ్గర మొదలవుతుంది. 'ఎక్కడుంది' అని అర్థం. దానికి మ్యూజియం, స్టేషన్, మరుగుదొడ్డి ఏది తగిలిస్తే అది దొరుకుతుందని పదాల పుస్తకాలు భరోసా ఇస్తాయి. తెలుగువారికి ఇందులో అదనపు సుఖం కూడా ఉంది. స్పానిష్ ద, తలు మన ద, తలకు దగ్గరివే. అచ్చులు రాసినట్టే పలుకుతాయి. తెలుగు లిపిలో రాసుకుని చదివినా మాడ్రిడ్‌లో అర్థం చేసుకుంటారు.

చిక్కంతా అక్కడే. పలుకు బాగుండేసరికి అవతలివారు ఈ మనిషికి భాష వచ్చనుకుని పూర్తి వేగంతో జవాబు చెబుతారు. ఆ వరదలో పట్టుకోవలసినవి మూడు మాటలు: దెరేచా కుడి, ఇస్కియెర్దా ఎడమ, రెక్తో తిన్నగా. అయితే లాటిన్ అమెరికాలో చాలాచోట్ల తిన్నగా అనడానికి 'దెరేచో' అంటారు. తేడా చివరి అచ్చులోనే. అది సరిగా వినపడనివారికి ఊరంతా చూసే భాగ్యం కలుగుతుంది.

వారాల పేర్లు నేర్చుకోవడం మాత్రం ఇంగ్లిష్ కంటే తెలుగు మీదుగానే తేలిక. లూనెస్ చంద్రుడిది, మార్తెస్ కుజుడిది, మియెర్కొలెస్ బుధుడిది, హ్వేబెస్ గురుడిది, బియెర్నెస్ శుక్రుడిది. శని, ఆదివారాలే గ్రహాలను వదిలి మతంలో కలిశాయి. కుజుడి మీద అనుమానం కూడా ఉమ్మడిదే: మార్తెస్ నాడు పెళ్లి చేసుకోవద్దు, ఓడెక్కవద్దు అని స్పెయిన్‌లో సామెత ఉంది. వారికి 13వ తేదీ మంగళవారం వస్తే మరీ చెడ్డది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసి పికాసో 'గెర్నికా' చూద్దామని మంగళవారం రేనా సోఫియాకు వెళ్లినవారికి తలుపు మీద 'సెర్రాదో' కనిపిస్తుంది. మూసి ఉందని అర్థం. ఆ మ్యూజియానికి సెలవు ఆ రోజే.

హోటల్ కుళాయి మీది 'సి' అక్షరాన్ని ఇంగ్లిష్ చదువుతో చదివితే చేయి కాలుతుంది. అది 'కాలియెంతె', వేడి. చన్నీళ్లు 'ఎఫ్' వైపు ఉంటాయి.

శాకాహారుల కష్టం వేరు. 'సిన్ కార్నె', అంటే మాంసం లేకుండా, అని చెప్పి నిశ్చింతగా కూర్చుంటే పళ్లెంలో హామ్ ముక్కలు రావచ్చు. చాలామంది లెక్కలో కార్నె అంటే పెద్ద మాంసపు ముక్క; హామ్ రుచికోసం వేసేది. సలాడ్ అడిగితే పైన ట్యూనా చేప ఉండడం మామూలు. అందుకే 'సిన్ హమోన్, సిన్ అతూన్' అని పేరుపేరునా వద్దనాలి. తోర్తియా మెక్సికోలో మొక్కజొన్న రొట్టె. స్పెయిన్‌లో బంగాళాదుంపలు వేసిన గుడ్డట్టు.

బ్రెడ్డు చాలా హోటళ్లలో అడగకుండానే వస్తుంది, డబ్బూ వేస్తారు. బిల్లు మాత్రం అడిగేదాకా తేరు. దానికి 'లా క్వెంతా' అనాలి. ఇదొక్కటి ఎంత వచ్చీరాకుండా పలికినా వెంటనే అర్థమవుతుంది.