క్వింటాల్ మసాలా 620 కోట్లు

ఫ్రాంక్ హెర్బర్ట్ ‘డ్యూన్’ నవలను ఇరవై మంది దాకా ప్రచురణకర్తలు తిప్పి పంపారు. ఆఖరికి 1965లో అచ్చేసిన చిల్టన్ కంపెనీ మోటారు రిపేరు పుస్తకాలకు పేరుపడ్డది. ట్రాక్టర్ మాన్యువల్ లాగే దీనికీ వెనకాల పదకోశం, అనుబంధాలు, మ్యాపు ఉంటాయి. ఇంటర్‌లో అవన్నీ దాటేసి, ఇసుక కింది పురుగు ఎప్పుడొస్తుందా అని పేజీలు తిప్పాను. 2024లో సినిమా రెండో భాగం వచ్చాక, ఈసారి నిదానంగా చదువుదామని మాక్లూర్‌లో మా అరుగు మీద కూర్చున్నాను. ఒక వేలు కథలో, ఒక వేలు పదకోశంలో, ఒక వేలు మ్యాపులో. చాయ్ గ్లాసు పట్టుకోవడానికి వేళ్లు మిగల్లేదు.

అధ్యాయాల నెత్తిన ఇరులాన్ అనే రాకుమారి రాసిన నాలుగు ముక్కలుంటాయి. ద్రోహి ఎవరో కథ ఊపందుకోకముందే ఆమె చెప్పేస్తుంది. గుట్టు రట్టయ్యాక ఇక మనకు తొందరేముంది? ఆ మహాతల్లి మాత్రం స్వయంగా కథలోకి దిగేది చివరి అధ్యాయంలోనే.

పక్కింటి కాక పసుపు కొమ్ములు ఎండబోస్తూ అడిగాడు.

“ఏం కథరా అది?”

“మసాలా కోసం కొట్టుకుంటరు కాకా. అది లేకుంటే చుక్కల నడుమ ఓడలు నడవయి.”

“రేటెంత?”

నేను చదివిన ఏ సమీక్షలోనూ ఈ ప్రశ్న లేదు. వెతికితే దొరికింది: డెకాగ్రాముకు, అంటే పది గ్రాములకు, 6,20,000 సొలారీలు. కాక ఒప్పుకోలేదు.

“గ్రాముల లెక్క బంగారందిరా. క్వింటాల్‌కు చెప్పు.”

ఫోన్‌లో గుణించాను. 620 కోట్లు! కాక నోట్లోంచి బీడీ తీశాడు.

“తరుగెంత తీస్తరు?”

హెర్బర్ట్ ఎడారి పర్యావరణం గురించి ఒక అనుబంధమే రాశాడు గానీ, తరుగు సంగతి వదిలేశాడు.

“కొనెటోడెవడు?”

“చోమ్ అని ఒక కంపెనీ. చక్రవర్తికి, పెద్ద దొరలకు అండ్ల వాటాలు.”

“ఆ ఊరోళ్లకు?”

“ఏం లేవు.”

“ఇగ సదవకు. తెలిసిన కథనే.”

తెలియకేం! నవలలో ఎడారి జనం పురుగులెక్కి యుద్ధానికి పోతారు. మావాళ్లు పసుపు బోర్డు కావాలని 2019లో నామినేషన్లకు పోయారు. నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ. వాళ్లలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. ఓటింగ్ మిషన్లు వరుసగా పేర్చారు. మా జిల్లాలో జనం అంత నిదానంగా చదివిన రచన ఆ పేర్ల జాబితా ఒక్కటే. పసుపు బోర్డు 2025 సంక్రాంతికి మొదలైంది. ఆఫీసు నిజామాబాద్‌లోనే.