సాంపో ప్రశ్నకు టీకా తాత్పర్యం

అవతారిక

మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అందులో మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగం కూడా పాటిస్తే ఈ వ్యాసమే ఉండదు.

సోవియట్ దేశపు మాస్‌ఫిల్మ్, ఫిన్లండ్‌కు చెందిన సువోమి ఫిల్మీ కలిసి 1959లో 'సాంపో' అనే రంగుల సినిమా తీశాయి. దర్శకుడు అలెగ్జాండర్ ప్టుష్కో. కథ ఫిన్లండ్ జాతీయ కావ్యం 'కాలేవాలా'లోది. అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ వారు దాన్ని ఇంగ్లిష్‌లోకి డబ్ చేసి, 'ద డే ది ఎర్త్ ఫ్రోజ్' అని పేరు మార్చి 1964లో అమెరికాలో వదిలారు. ఆ బొమ్మ చూసిన ప్రేక్షకుడి నోట వెలువడిన ఏకవాక్య కావ్యమే ఇక్కడ వ్యాఖ్యేయం.

మూలం

"ఇంతకీ ఆ సాంపో ఏంటయ్యా బాబూ?"

ప్రతిపదార్థం

ఇంతకీ = సినిమా ముప్పాతిక వంతు గడిచిపోయినా; ఆ = తెర మీద అందరూ లేచింది మొదలు పలవరించే; సాంపో = పిండి, ఉప్పు, బంగారం తనంతట తానే విసిరి పోసే మాయ తిరగలి; ఏంటి = దేనితో చేశారు, ఎలా తిరుగుతుంది, అదుంటే ఏమిటి, పోతే ఏమిటి; అయ్యా = పక్క సీట్లో తెలిసినవాడెవడైనా ఉంటే వాడా; బాబూ = లేకపోతే దేవుడా.

తాత్పర్యం

ఉత్తరదేశపు మంత్రగత్తె లౌహి, కమ్మరి ఇల్మరినెన్ చెల్లెలు అన్నికిని ఎత్తుకుపోయింది. సాంపో చేసిస్తేనే పిల్లను వదులుతానంది. కమ్మరి చేసిచ్చాడు. అన్నికిని వలచిన లెమ్మిన్‌కైనెన్‌కు ఆ తిరగలి మంత్రగత్తె దగ్గర ఉండిపోవడం నచ్చలేదు, దాని కోసం వెనక్కి వెళ్లాడు. లౌహి కోపంతో సూర్యుణ్ని కొండలో దాచేసింది. లోకం గడ్డకట్టింది. చివరికి కాంతెలె వాద్యాల మోతకు లౌహి సేన నిద్రపోయింది, కొండ బద్దలై పొద్దు బయటికొచ్చింది. ఇంత జరిగినా ప్రేక్షకుడు సూర్యుడి క్షేమం అడగలేదు, తిరగలి సంగతే అడిగాడు. 1993లో 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' అనే టీవీ కార్యక్రమం ఈ బొమ్మను ఎత్తుకుంది. అందులో ఒక మనిషి, రెండు మరబొమ్మలు తెర కింద నీడల్లా కూర్చుని పాత సినిమాల మీద చెణుకులు విసురుతుంటారు. అక్కణ్నుంచి సాంపో అన్న మాట వింటేనే నవ్వొచ్చే జనం తయారయ్యారు.

విశేషాలు

1. ఈ సినిమాను ఫిన్నిష్‌కు, రష్యన్‌కు, వెడల్పు తెరకు, మామూలు తెరకు వేరువేరుగా, అంటే ఒక్కో సన్నివేశాన్ని నాలుగేసి మార్లు తీశారు. అమెరికాలో కత్తెర పడి గంటన్నర సినిమా గంటా ఏడు నిమిషాలకు కుదించుకుపోయింది. నాలుగు సార్లు తీసినవాడి ఓపికను ఒక్కసారి కోసినవాడు చెల్లుబెట్టాడు. కోసింది కత్తెర, నవ్వులపాలైంది కథ.

2. కత్తెర తర్వాత నామకరణం. ప్టుష్కో కాస్తా 'గ్రెగ్ సెబీలియస్' అయ్యాడు. ఫిన్లండ్ సంగీతకారుడు సిబేలియస్ కాలేవాలా కథలకు స్వరాలు కట్టిన మాట నిజమే గాని, ఈ సెబీలియస్ ఏ ఊరివాడూ కాడు. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో రష్యా సరుకు తరచూ పేరు మార్చుకునే అమెరికా హాల్లో అడుగుపెట్టేది. ఈ దర్శకుడిదే 'సద్కో' అనే సినిమా 1962లో అక్కడ సింద్‌బాద్ కథగా వేషం కట్టింది. నవ్‌గొరోద్ గాయకుడు బాగ్దాద్ నావికుడయ్యాక ఎవరి కథ ఎవరు అడుగుతారు?

3. లెమ్మిన్‌కైనెన్ తల్లి కొడుకును వెతుకుతూ బిర్చి చెట్టును, దారిని, సూర్యుణ్ని అడిగే ఘట్టం దగ్గర ప్రేక్షకులు మరోమారు నవ్వుతారు. సీత కనబడక అరణ్యకాండలో రాముడు చెట్టుచెట్టునూ అడిగిన కథ విన్నవాళ్లకు ఇందులో నవ్వడానికేమీ దొరకదు. దుఃఖం ముదిరినప్పుడు ఎదుట ఉన్నదాన్ని అడుగుతారు, అది జవాబు చెబుతుందా లేదా అన్నది తర్వాతి మాట. అయితే ఆ తల్లి పెదవులు ఒక భాషలోను, గొంతు మరో భాషలోను దుఃఖించడం వల్ల కరుణరసం దారి తప్పి హాస్యరసం వాకిట్లో తేలింది. ఆ దోషం డబ్బింగుది, తల్లిది కాదు.

శంక

కత్తెర పడకపోతే సాంపో ఏమిటో తెలిసేదా?

సమాధానం

తెలిసేది కాదు. ఎలియాస్ లొన్‌రోత్ అనే వైద్యుడు జానపదుల నోటి పాటలను ఏర్చి కూర్చి 1835లో కాలేవాలాను అచ్చువేశాడు. 1849 నాటికి అది 50 గానాలు, 22,795 పంక్తులకు పెరిగింది. అందులో సాంపో తయారీకి దినుసులు ఇవి: హంస ఈక కొస, గొడ్డుటావు పాలు, ఒక్క బార్లీ గింజ, ఒక గొర్రె ఉన్ని. గొడ్డుటావును పితకబోవడం తెలివితక్కువని మనకు చిన్నప్పుడే చెప్పారు. ఇల్మరినెన్‌కు ఎవరూ చెప్పలేదు, అందుకే అతను సాంపో చేయగలిగాడు. లౌహి దాన్ని రాతికొండలో తొమ్మిది తాళాల వెనక దాచింది. వీరులు ఎత్తుకొస్తుంటే అది సముద్రంలో పడి ముక్కలైంది.

ఈ వస్తువేమిటని పండితులు తలలు పట్టుకున్నారు. సెటలా అనే పండితుడు 1932లో సాంపో చిక్కుముడి మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు. అది ఆకాశాన్ని మోసే లోకస్తంభమని ఉనో హార్వా 1943లో వాదించాడు. తిరగలి అన్నవారున్నారు, నిధి అన్నవారున్నారు. అంటే టిక్కెట్టు కొని హాల్లో కూర్చున్నవాడు వేళాకోళంగా విసిరిన మాట, గ్రంథాలయంలో దీపం కింద పండితుడు రాసుకున్న మొదటి వాక్యమే. తేడా అల్లా, ఒకరికి పాప్‌కార్న్ ఉంది, ఇంకొకరికి అధోజ్ఞాపికలున్నాయి.

అలంకారం

వ్యాజస్తుతి. పైకి నిందలా కనిపించేది లోపల స్తుతి. చెత్త సినిమాలో దేనికోసం కొట్టుకుంటున్నారో ఎవడూ అడగడు. ఎదురుచూసేది కొట్లాట అయిపోతే ఇంటికెళ్లడానికే. ఇక్కడ ప్రేక్షకుడు ఎగతాళి చేస్తూనే ఆ వస్తువును తనకూ కావలసినదిగా ఎంచాడు. ముక్కలు కోసి, పేర్లు మార్చి, గొంతులు మార్చినా ఆ కోరిక మాత్రం వాడిదాకా చేరింది.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివినవారికి సాంపో అంటే ఏమిటో తెలియదు. చదవనివారికీ తెలియదు. చదివినవారికి దక్కే అదనపు ఫలమల్లా, తెలియనివారి జాబితాలో తమ పైన సెటలా పేరుందన్న ధైర్యం.