బోయిన్‌పల్లి గోడమీది ఆటుపోట్ల పట్టిక: ఒక ఆత్మకథ

ఆటుపోట్ల పట్టిక అంటే ఒక రేవులో సముద్రపు నీరు ఏ తేదీన, ఏ వేళకు, ఎంత ఎత్తుకు లేస్తుందో, మళ్ళీ ఎంతవరకు దిగుతుందో ఏడాది ముందుగానే లెక్కకట్టి చూపే అంకెల వరుస. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్నది అలాంటి పట్టికే. కాకినాడ రేవు లెక్కలతో నెలకొక కాగితం చొప్పున పన్నెండు కాగితాలుగా అచ్చయి, ఆ రేవుకు దాదాపు 500 కిలోమీటర్ల దూరాన ఉన్న బోయిన్‌పల్లిలో, ఒక ఇంటి హాలు గోడకు, తిథుల క్యాలెండర్ పక్కన వేలాడుతున్నది. ఉత్తమ పురుషలో మాట్లాడే అలవాటు పట్టికలకు లేదు కనుక, ఆత్మకథే అయినప్పటికీ ఇది తనను తాను ప్రథమ పురుషలోనే పేర్కొంటుంది. తన ఇష్టాయిష్టాలకు కాక తన లెక్కలకే ఎక్కువ చోటిస్తుంది.

బోయిన్‌పల్లి సికింద్రాబాద్ కంటోన్మెంటును ఆనుకుని, దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉన్న ప్రాంతం. అక్కడి కూరగాయల మార్కెట్‌కు వచ్చే లారీలకు గానీ, మేడ్చల్ వైపు సాగే జాతీయ రహదారికి గానీ నీరు లేచే పోటుతో, దిగే పాటుతో పని లేదు. అయినా ఆ ఎత్తును కొలవాలంటే మొదట సముద్రం దగ్గరికే వెళ్ళాలి. రైల్వే స్టేషన్లలో పసుపు పలకల మీద రాసే ‘సముద్ర మట్టానికి ఎత్తు’ అనే అంకెకు మూలం, రేవుల్లో ఏళ్ళ తరబడి నమోదు చేసిన నీటి ఎత్తుల సగటు. 1909 నాటి దేశవ్యాప్త లెవెలింగ్ కొలతలకు విశాఖపట్నంతో సహా తొమ్మిది రేవుల సగటు మట్టాలను ఆధారంగా తీసుకున్నారు. పట్టికలోని అంకెలు మాత్రం ఆ సగటు నుంచి మొదలు కావు. నీరు సాధారణంగా ఇంతకన్నా దిగదు అనదగిన మట్టాన్ని నౌకాపటాలు సున్నాగా తీసుకుంటాయి. పట్టిక కూడా అక్కడి నుంచే కొలుస్తుంది. కనుక పట్టికలో 0.4 మీటర్లని ఉంటే, పటంలో ఆ చోట చూపిన లోతుకు మరో 40 సెంటీమీటర్ల నీరు కలుస్తుందని అర్థం. ‘అక్కడ నీళ్ళు నలభై సెంటీమీటర్లే’ అని చదవడం పొరపాటు.

పట్టిక వంశవృక్షం ఆకాశంలో మొదలవుతుంది. నీటిని లేపేది ప్రధానంగా చంద్రుడి ఆకర్షణ. సూర్యుడి వాటా అందులో సగానికి కొంచెం తక్కువ. అమావాస్యకు, పౌర్ణమికి ఇద్దరి లాగుడూ ఒకే వరుసలోకి వచ్చి నీరు బాగా లేచి బాగా దిగుతుంది, దీన్ని భూగోళ పాఠాల్లో పర్వవేల అంటారు. అష్టమి ప్రాంతంలో ఇద్దరూ అడ్డంగా లాగడం వల్ల హెచ్చుతగ్గులు తగ్గుతాయి, అది లఘువేల. ఈ కదలికలను వేర్వేరు కాలవ్యవధులు గల చిన్న చిన్న తరంగాలుగా విడదీసి, ఒక్కొక్కదాని బలాన్ని రేవులోని పాత కొలతల నుంచి రాబట్టి, తిరిగి అన్నింటినీ కూడితే రాబోయే రోజుల నీటి ఎత్తు వస్తుంది. ఈ పద్ధతికి హరాత్మక విశ్లేషణ అని పేరు. భారతదేశపు రేవుల కోసం ఈ కూడికను చేయడానికి ఎడ్వర్డ్ రాబర్ట్స్ రూపొందించిన ఒక ఇత్తడి యంత్రాన్ని 1879లో లండన్‌లో తయారు చేశారు: ఒక్కొక్క తరంగానికి ఒక్కొక్క కప్పీ, కప్పీలన్నింటి మీదుగా సాగే ఒకే తీగ, ఆ తీగ చివర కాగితం మీద గీత గీసే కలం. ఇప్పుడా పని కంప్యూటర్లు చేస్తున్నాయి. దేశంలోని ప్రధాన రేవుల పట్టికలను ఏటా వెలువరించే బాధ్యత సర్వే ఆఫ్ ఇండియాది.

ఆ ఇంటికి పట్టిక రావడానికి కారణం ఒక పడవ ప్రయాణపు ఆలోచన. గోదావరి గౌతమీ పాయ బంగాళాఖాతంలో కలిసే చోట, కాకినాడకు దక్షిణాన, 1978లో ప్రకటించిన కోరింగ వన్యప్రాణి అభయారణ్యం ఉన్నది; విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మంచినీరు, ఉప్పునీరు కలిసే బురద నేలలో పెరిగే మడ అడవి అది, దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఒకటి. దాని ఎదుట సముద్రంలో, గోదావరి తెచ్చిన ఒండ్రు, ఇసుకలతో గత రెండు వందల ఏళ్ళలో పొడవాటి మేటగా ఏర్పడిన హోప్ ఐలాండ్ కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా నిలిచింది. ఇంటివారు మొదట వేసిన ప్రణాళికలో సెలవు, రైలు, బస, భోజనం అన్నీ ఉన్నాయి, నీరు మాత్రం లేదు: శనివారం రాత్రి సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కడం, ఉదయం కాకినాడలో దిగడం, యానాం రోడ్డు మీద ఇరవై కిలోమీటర్ల లోపు దూరం వెళ్ళి తొమ్మిది గంటలకు రేవు దగ్గర ఉండడం. ఏ ఆదివారమైనా ఒకటేనన్న నమ్మకం మీద ఆ ప్రణాళిక నిలబడింది. ఆ నమ్మకాన్ని కదిలించడమే ఈ పట్టిక ఆ ఇంట చేసిన మొదటి పని.

చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతూ ఉండడం వల్ల పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఒక పోటుకు, తరువాతి పోటుకు మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. రోజుకు 50 నిమిషాలంటే వారానికి దాదాపు ఆరు గంటలు. అందువల్ల ఒక ఆదివారం తొమ్మిదింటికి ఉప్పుటేరు నిండుగా ఉంటే, తరువాతి ఆదివారం అదే తొమ్మిదింటికి నీరు దాదాపు అట్టడుగున ఉంటుంది. ఆ పై ఆదివారం మళ్ళీ నిండుగా ఉంటుంది. రైలు వేళ మారకపోయినా, టికెట్టు ధర మారకపోయినా, వారం తేడాతో ప్రయాణం పడవ మీదా బురద మీదా అన్నది మారిపోతుంది. ఇంటివారు పెన్సిల్‌తో నీరు నిండుగా ఉండే ఆదివారాలకు సున్నాలు చుట్టుకుంటూ పోగా, సున్నా ఉన్న వారం, లేని వారం ఒకటి విడిచి ఒకటిగా వచ్చాయి. పక్కనున్న తిథుల క్యాలెండర్‌తో పోల్చి చూసిన ఆ ఇంటి నాయనమ్మ, పెద్ద అంకెలన్నీ పౌర్ణమి, అమావాస్యల వెంటనే ఒకటి రెండు రోజుల్లో పడుతున్నాయని కనిపెట్టింది. ఒక రేవులో ఒక తిథికి పోటు వేళ దాదాపు ఎప్పుడూ ఒకటే కనుక, తిథి తెలిసిన జాలరికి అచ్చు పట్టికతో అవసరం తక్కువ. పట్టిక ఈ సంగతిని ఒప్పుకోవడానికి సంకోచించదు.

పోటు వేళ తెలిసినంత మాత్రాన ప్రణాళిక పూర్తి కాదు, నీరు ఏ వేగంతో లేస్తుందో, ఏ వేగంతో దిగుతుందో కూడా తెలియాలి. దీనికి నావికులు పన్నెండో వంతుల లెక్కను వాడతారు: మొత్తం హెచ్చుతగ్గును పన్నెండు భాగాలు చేస్తే, ఆరు గంటల్లో నీరు వరుసగా ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి భాగాల చొప్పున కదులుతుంది. హెచ్చుతగ్గు 1.2 మీటర్లయిన రోజున మొదటి గంటలో 10, రెండో గంటలో 20, మూడు నాలుగు గంటల్లో 30 చొప్పున, అయిదో గంటలో 20, చివరి గంటలో 10 సెంటీమీటర్లు మారుతుందన్నమాట. పోటు నిండిన గంట తరువాత కూడా తగ్గేది 10 సెంటీమీటర్లే కనుక తీరిక ఉన్నట్టు కనిపిస్తుంది. తరువాతి మూడు గంటల్లో 80 సెంటీమీటర్లు పోతాయి, సన్నని పాయల్లో ప్రమాదం అక్కడే ఉంది. నీరు ఎక్కుతుండగా పడవ ఇసుకమేటకు తగిలితే కొంతసేపటికి నీరే దాన్ని లేపుతుంది. పోటు నిండిన గంటకు తగిలితే మళ్ళీ అంత నీరు రావడానికి పది గంటలకు పైగా ఆగాలి. కనుక పోటుకు రెండు గంటల ముందు బయలుదేరి, నీరు ఎక్కుతుండగానే లోపలికి పోయి, అది జోరుగా తీయక ముందే వెనక్కు రావడం పద్ధతి. పైగా పట్టికలోని వేళ రేవుది. పోటు లోపలి పాయల్లోకి కొంత ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యం ఒక్కొక్క పాయకు ఒక్కొక్కలా ఉంటుంది.

పాటు వేళను పట్టిక వృథాకాలంగా చూడదు, ఎందుకంటే మడ అడవి తన లోగుట్టును అప్పుడే బయటపెడుతుంది. తెల్ల మడ, నల్ల మడ చెట్ల చుట్టూ బురదలోంచి పెన్సిళ్ళ మొనల్లా నిటారుగా పైకి వచ్చే శ్వాస వేర్లు నీరు తీసినప్పుడే కనిపిస్తాయి. గాలి చొరని బురదలో ఉన్న వేళ్ళకు ప్రాణవాయువును అందించేది అవే. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే కారే పాలు కంటికి హాని చేస్తాయి కనుక దాన్ని ముట్టుకోకూడదన్న జాగ్రత్త కూడా ప్రణాళికలో రాసుకోవలసిందే. నీరు దిగిన బురద మేటల మీదికి పీతలు, బురదలో గెంతే చేపలు వస్తాయి, వాటి వెనుకే కొంగలు, ఉల్లంకులు దిగుతాయి. నీరు నిండుగా ఉన్నప్పుడు ఈ పక్షులు దూరాన ఒకచోట గుంపుగా వాలి ఉంటాయి. అందుచేత పోటు ఉదయం 11 గంటలకు పడే ఆదివారాన్ని ఎంచుకుని, తొమ్మిదింటికి పడవ ఎక్కి, మధ్యాహ్నం తరువాత అడవిలో వేసిన చెక్కబాట మీద నడవాలన్నది ఇంటివారు చివరికి కుదుర్చుకున్న క్రమం. నీటికుక్క అదృష్టం ఉంటే కనిపిస్తుంది. ఇక్కడి ప్రసిద్ధ నివాసి అయిన బావురుపిల్లి ఎక్కువగా రాత్రివేళ తిరిగేది కనుక, దాన్ని చూస్తామన్న ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

నీటి తరువాతి అధికారం చట్టానిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ అభయారణ్యంలో ఎవరెవరు ప్రవేశించవచ్చో పరిమితం చేస్తుంది. అధ్యయనం, ఛాయాచిత్రాలు, పర్యటన వంటి పనులకు అనుమతి ఇచ్చే వీలును 28వ సెక్షన్ కల్పిస్తుంది. లోపల అడవికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయడం, ముందస్తు అనుమతి లేకుండా ఆయుధం తీసుకుపోవడం నిషిద్ధం. కనుక అటవీ శాఖ నడిపే పడవ, అది అనుమతించే పాయ, అది చెప్పిన వేళ అన్నవి ప్రణాళికకు హద్దులు. హోప్ ఐలాండ్ విషయంలో మరో హద్దు ఉంది: జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఆ ఇసుకలోకి గుడ్లు పెట్టడానికి వస్తాయి, దీపాల వెలుగు తల్లి తాబేళ్ళనూ పిల్లలనూ దారి తప్పిస్తుంది, కనుక ఆ నెలల్లో దీవి మీద దిగే ఆలోచనను ఇంటివారు మానుకున్నారు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపానుల కాలం. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, బర్మా ప్రయాణాలకు పేరుపొందిన కోరింగ రేవును 1789 డిసెంబరులోనూ 1839 నవంబరులోనూ వచ్చిన తుపాను ఉప్పెనలు ముంచెత్తాయి. రెండోదాని తరువాత రేవు పూర్వవైభవానికి రాలేదు.

ఉప్పెన ప్రస్తావన దగ్గర పట్టిక తన పరిమితిని చెప్పక తప్పదు. సూర్యచంద్రుల లెక్క దానికి తెలుసు, గాలి లెక్క తెలియదు. ఒడ్డు వైపు గాలి గట్టిగా వీస్తే నీరు పట్టికలోని అంకెను మించుతుంది, ఎదురుగా వీస్తే ఆ అంకెకు చేరదు. ఆ లోటును తీర్చే సంస్థ, విచిత్రంగా, సముద్రం లేని హైదరాబాద్ నగరంలోనే, బోయిన్‌పల్లికి వాయవ్యంగా ప్రగతినగర్‌లో ఉన్నది: కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ పరిధిలోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్. అలల ఎత్తు, గాలి, ప్రవాహాల ముందస్తు సమాచారాన్ని తీరప్రాంతాలకు అందించే ఈ కేంద్రంలోనే, 2004 సునామీ అనంతరం, 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. ఏడాది ముందు తేదీని పట్టికతో ఎంచుకోవడం, రెండు రోజుల ముందు ఆ సమాచారంతో సరిచూడడం, ఆ ఉదయం రేవులో సరంగు అంటే పడవ నడిపేవాడు చెప్పినదానికి కట్టుబడడం అన్నవి మూడు వేర్వేరు మెట్లు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం పదుల ప్రాణాలను తీసుకున్నాక, ‘ఈ రోజు పడవ లేదు’ అన్న మాటను నష్టంగా కాక ప్రణాళికలో భాగంగా లెక్కించడం, ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ తొడుక్కోవడం తప్పనిసరి అయ్యాయి. అందుకే ఇంటివారు తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకున్నారు.

పట్టిక ఆయుష్షు డిసెంబరు 31తో ముగుస్తుంది. తిథులు 19 ఏళ్ళకు ఒకసారి దాదాపు అవే తేదీల్లో తిరిగి వస్తాయి కనుక, అంతకాలం దాచి ఉంచితే దీనిలోని వేళలు సుమారుగా మళ్ళీ పనికివస్తాయన్న వాదన ఉండవచ్చు. ఆ వాదనను పట్టికే సమర్థించదు. ఆనకట్టల వెనుక ఒండ్రు ఆగిపోవడంతో గోదావరి డెల్టా అంచు కొన్నిచోట్ల కోతకు గురవుతున్నది, మొగల దగ్గర ఇసుకమేటలు ఏడాదికేడాది చోటు మారుతున్నాయి; పైనున్న నీటి ఎత్తు తెలిసినా కింద ఇసుక ఎక్కడ ఉన్నదో అచ్చు కాగితం చెప్పలేదు, ఆ పాయలో నిన్న పడవ నడిపిన మనిషి చెప్పగలడు. రక్షిత తీరానికి పడవ ప్రయాణం వేసుకోవడమంటే సెలవు దొరికిన తేదీకి సముద్రాన్ని సర్దడం కాదని, నీరు, చట్టం, తాబేళ్ళు, గాలి విడిచిపెట్టిన తేదీల్లోంచి ఒకదానికి సెలవును సర్దుకోవడమని ఈ పట్టిక తన ఒక్క ఏడాది ఉద్యోగంలో తేల్చింది. ఇంటివారి వంటి ప్రయాణికులు ఆ వరుసను పాటిస్తే, వచ్చే ఏడాది కొత్త పట్టికకు చెప్పవలసిన పని చాలావరకు తగ్గుతుంది.