అరణంగా 11 చలాన్లు!

హైటెక్ సిటీలో కొలువు. క్యాబ్ ఖర్చు భరించలేక సెకండ్‌హ్యాండ్ బండి కొన్నాడు మనవాడు. పెద్దమ్మ గుడి దగ్గర పూజ, టైర్ల కింద నిమ్మకాయలు. బండి జోరుగా ఉరికింది ఆ నిమ్మకాయల మీదే. సైబర్ టవర్స్ దాటేసరికి అరగంట. మూడో గేరు పనిచేస్తుందో లేదో ఇప్పటికీ తెలీదు. 'లీటరుకు 60 ఇస్తుంది' అన్నాడు అమ్మినాయన. ఇస్తుందేమో, కదిలితే!

దుర్గం చెరువు తీగల వంతెన ముందు పోలీసాయన ఆపి నంబరు కొట్టి చూశాడు. 11 చలాన్లు! బండితోపాటు అరణంగా వచ్చాయన్నమాట. ఫొటోల నిండా హెల్మెట్ లేని పాత యజమాని. 'అది నేను కాదు సార్' అంటే, 'బండి ఇదేగా' అన్నాడాయన. చలానా పడేది నంబరుకు, నెత్తికి కాదు మరి. అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఏకు చెప్పాలని చట్టం. ఫారం 29, 30 మాత్రం సంతకం పెట్టి, తేదీ వేయకుండా, సీటు కింద భద్రంగా నిద్రపోతున్నాయి.

మనవాడు పైసా కట్టలేదు. 2023 డిసెంబరులో బైకుల పాత చలాన్లకు 80 శాతం తగ్గింపు ఇచ్చారు కదా! చీరలకు ఆషాఢం ఉన్నట్టే, మళ్లీ చలాన్ల మాసం ఎప్పుడొస్తుందా అని పంచాంగం తిరగేస్తున్నాడు.